రాజీనామా ముందా, నియామకం ముందా

రెండు గదుల దవఖానాకు ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ ఏమిటని నవ్వినవాళ్లలో నేనే మొదటిదాన్ని. ఒక గదిలో డాక్టరు బల్ల, మందుల బీరువా. రెండో గదిలో రెండు మంచాలు, ఒక సెలైన్ స్టాండు. బయట రేకుల కింద నాలుగు బెంచీలు. మరమగ్గాల మీద పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి సూరత్ వచ్చిన కుటుంబాలు ఎప్పుడో తలా ఇంత వేసుకొని కట్టుకున్న ట్రస్టు అది. దానికి డైరెక్టరట!

కానీ ఉత్తరం నవ్వులాటకి రాలేదు. మహమ్మారి వచ్చిన మొదటి ఏడాది చివర్లో ఒక కంపెనీ దాతృత్వ విభాగం వాళ్లు రాశారు. డాక్టరు జీతం, ఆక్సిజన్ యంత్రాలు రెండేళ్లపాటు మేం చూసుకుంటాం, అయితే సంస్థకి పూర్తికాలం బాధ్యత వహించే ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ ఉండాలి, ఆ మనిషిని బోర్డు చట్టప్రకారం తీర్మానం చేసి జీతమిచ్చి నియమించుకోవాలి, ఆ కాగితాలు నెలన్నరలో మా చేతికి రావాలి అని. రాకపోతే ఆ సాయం ఇంకో సంస్థకి వెళ్లిపోతుంది.

నేను ఆ ట్రస్టులోకి ఎలా వచ్చానో చెప్పాలి. మాది గుంటూరు వైపు. మా ఆయన సూరత్ పక్కన హజీరాలో ఇంజనీరు. పెళ్లికి ముందూ తర్వాతా కలిపి ఇరవై ఏళ్లు నేను కంపెనీ సెక్రటరీగా పనిచేశాను. బోర్డు మీటింగులకి నోటీసులు, తీర్మానాలు, మినిట్స్ రాయడం నా వృత్తి. ఉద్యోగం మానేశాను గానీ, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ సెలవు చీటీలో కూడా తప్పులు వెతికేదాన్ని. ఈ సంగతి ఎవరి ద్వారానో విని ట్రస్టువాళ్లు కాగితాలు చూసిపెట్టమన్నారు, తర్వాత ట్రస్టీని చేశారు. వాళ్లకి నేను 'ఆంధ్రా మేడమ్'ని. నేను గది లోపలికి రాగానే ఎవరో ఒకరు, "జర సీదా కూసోండ్రి, రూలు బుక్కు అచ్చింది" అనేవారు. నాకు కోపం వచ్చేది కాదు. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగానే ఉండేది.

డైరెక్టరుగా ఎవరుండాలన్నది ఎవరూ ఆలోచించాల్సిన పనే లేకపోయింది. దవఖానా అక్క ఉంది. ఆమె నాకంటే పదిహేనేళ్లు చిన్నది, అయినా అందరితోపాటు నేనూ అక్క అనే పిలిచేదాన్ని. అంతకుముందు బట్టల మార్కెట్‌లో ఒక గోదాములో చీరలు మడతపెట్టేది. భర్త మగ్గం కార్మికుడు. మొదటి లాక్‌డౌన్ వేసవిలో మా ట్రస్టు కార్యదర్శి జ్వరం వచ్చి పన్నెండు రోజుల్లో చనిపోయారు. అప్పటిదాకా దవఖానా తాళాలు ఆయన దగ్గరే ఉండేవి. ఆయన ఇంట్లోంచి ఆ తాళాలు తెచ్చి తలుపు తీసింది అక్కే. చీటీలు రాసేది, జ్వరాలు చూసేది, గుజరాతీలో అంబులెన్సువాళ్లతో పోట్లాడేది, ఏ ఆసుపత్రిలో మంచం ఖాళీగా ఉందో ఫోన్లు చేసి కనుక్కునేది. రోజూ ఇక్కడే ఉండిపోవడంతో గోదాములో పని పోయింది. భర్త పనిచేసే కార్ఖానాలో సగం మగ్గాలే తిరుగుతున్నాయి. ఇద్దరు పిల్లలు ఒకే ఫోనులో వంతులేసుకొని క్లాసులు వినేవారు. ఆమెకి ఆ జీతం కావాలి. అది అందరికీ తెలుసు.

చిక్కల్లా ఒక్కటే. అక్క కూడా ట్రస్టీయే. రెండేళ్ల కిందట మగ్గాల ఇళ్లనుంచి బోర్డులోకి వచ్చిన మొదటి ఆడమనిషి. మా ట్రస్టు దస్తావేజులో స్పష్టంగా రాసి ఉంది: ట్రస్టీ ఎవరూ ట్రస్టు నుంచి జీతం తీసుకోకూడదు. చాలా మంచి నియమం. తానే యజమాని, తానే నౌకరు అయితే లెక్క అడిగేదెవరు?

రేకుల కింద బెంచీల మీద దూరదూరంగా కూర్చున్న రోజున నేను చేయాల్సిన పనులు వేళ్లు మడిచి చెప్పాను. ముందు ఆమె ట్రస్టీ పదవికి రాజీనామా ఇవ్వాలి. ఆ మార్పు చారిటీ కమిషనర్ ఆఫీసులో నమోదుకి పంపాలి. ఉద్యోగం ఖాళీ ఉందని, పనేమిటో అర్హతలేమిటో రాసి పదిహేను రోజులు గోడ మీద అతికించాలి. దరఖాస్తులు రాతపూర్వకంగా తీసుకోవాలి. దరఖాస్తు పెట్టినవాళ్ల బంధువులు ఎవరైనా బోర్డులో ఉంటే ఆ విషయంలో వాళ్లు ఓటు వేయకూడదు. సమావేశానికి ఏడు రోజుల ముందు నోటీసు. కోరం ఐదుగురు. అప్పుడు తీర్మానం, ఆ తర్వాత నియామక పత్రం. అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

అక్క మాస్కు సవరించుకొని అడిగింది. "అంటే మేడమ్, పగార్ కావాల్నంటె కుర్సీ ఇడిశిపెట్టాలె. గంతేనా?"

"అంతే," అన్నాను.

"మా అమ్మ, మా అత్త గీ రేకుల కింద నిలవడి, లోపట మొగోళ్లు ఏం మాట్లాడుతుండ్రో ఇనేటోళ్లు. నేనే లోపట కూసున్న." అది అడగడం కాదు, చెప్పడం. నేను దాన్ని పట్టించుకోలేదు, నా జాబితాలో తర్వాతి పని వైపు వెళ్లిపోయాను.

మర్నాడు పిల్లల నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం మీద రాజీనామా రాసుకొచ్చింది. నేను దాన్ని సరిచేసి టైపు చేయించాను. 'ఈ రోజు నుంచి అమల్లోకి వచ్చేట్లు' అని నేనే చేర్చాను. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నదాన్ని, పొరపాటు అక్కడే చేశాను. 'నియామక తీర్మానం ఆమోదం పొందిన రోజు నుంచి' అని రాయాల్సింది. ఇంట్లోంచి సామాను బయట పెట్టేముందు కొత్త ఇంటి తాళం చేతికొచ్చిందో లేదో ఎవరైనా చూసుకుంటారు. నేను చూడలేదు. కాగితం శుభ్రంగా ఉండాలన్న తాపత్రయం తప్ప నాకు ఆ క్షణాన ఇంకేమీ కనబడలేదు.

ఆమె సంతకం పెట్టింది, ఆ కాగితం నేను ట్రస్టీల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఆ సంతకంతో ఆమె ట్రస్టీ కాకుండా పోయింది. ఇంకా ఉద్యోగి కాలేదు. రెండూ కాని మనిషి అయింది.

దస్తావేజు ప్రకారం మేం తొమ్మిదిమందిమి. కార్యదర్శి చనిపోయారు. ఇద్దరు శ్రామిక రైళ్లెక్కి ఊరెళ్లి ఇంకా రాలేదు. ఫోనులో సమావేశం గురించి దస్తావేజులో లేదు కాబట్టి అలా కుదరదని నేనే పట్టుబట్టాను. ఇప్పుడు అక్క కూడా తప్పుకుంది. సూరత్‌లో మిగిలింది ఐదుగురం. అంటే ఐదుగురిలో ఒక్కరు రాకపోయినా కోరం ఉండదు. వాయిదా సమావేశానికీ ఐదుగురే కావాలని ఆ దస్తావేజే చెబుతుంది. ఇదంతా నాకు తెలియంది కాదు. కానీ ఎవరైనా రాకుండా ఉంటారని నాకు తట్టలేదు.

రాలేదు. పెద్దాయన రాలేదు.

ఆయన ట్రస్టు మొదలుపెట్టినవాళ్లలో బతికున్న చివరి మనిషి. అప్పట్లో మగ్గం మగ్గం తిరిగి జనాన్ని పోగుచేసిన మనిషి. ఇప్పుడు కొడుకు దగ్గర, నదికి అవతల అమ్రోలిలో ఉంటున్నాడు. సమావేశం రోజు గంటసేపు ఎదురుచూసి ఫోను చేస్తే కోడలు ఎత్తి, "మామ పండుకున్నడు" అని పెట్టేసింది. ఉదయం పదకొండింటికి!

కోరం లేదని రాసి పుస్తకం మూశాను. అప్పుడు మిగతా ముగ్గురిలో ఒకాయన నా పక్కకొచ్చి మెల్లగా చెప్పాడు. గోడ మీద నోటీసు చూసి వచ్చిన దరఖాస్తులు రెండు. ఒకటి అక్కది. రెండోది పెద్దాయన చెల్లెలి మనవడిది. వరాఛాలో ఏదో వజ్రాల ఆఫీసులో గుమాస్తా, డిగ్రీ ఉంది. "అర్థమైందా మేడమ్?" అన్నాడు.

అర్థమైందనే అనుకున్నాను. నాకు ఒళ్లు మండింది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు, ఆ సాయంత్రానికల్లా పెద్దాయన ముప్ఫై ఏళ్లుగా చేసిన ప్రతి పనిలోనూ నాకు స్వార్థం కనిపించడం మొదలైంది.

మర్నాడు అక్క నా ముందు బల్ల మీద తాళాలు పెట్టింది. "కీస్ ఎవల తాన వెట్టాలె మేడమ్? నేనిప్పుడు ఎవల్ని?" అని అడిగింది. కోపంగా అడిగినా బాగుండేది. నిజంగా తెలియక అడిగింది. నా రూలు ప్రకారం ఆ తాళాలు ఆమె దగ్గర ఉండకూడదు. బయట అప్పటికే ఏడెనిమిది మంది చీటీల కోసం నిలబడి ఉన్నారు. గడువుకి ఇంకా పదమూడు రోజులే ఉన్నాయి. "నీ దగ్గరే ఉంచు," అన్నాను. ఏ హోదాలో అని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

వాట్సాప్ గ్రూపులో నేను పంపిన నోటీసుని, దాన్ని పెద్దాయన చూశారని చూపించే గుర్తునీ ప్రింటు తీయించాను. దస్తావేజు నకలు సంచిలో పెట్టుకున్నాను. ప్లాస్టిక్ తెర కట్టిన ఆటోలో తాపీ నది వంతెన దాటి అమ్రోలి వెళ్లాను. దారి పొడుగునా అనాల్సిన మాటలు నెమరేసుకుంటూనే ఉన్నాను.

పెద్దాయన మొదటి అంతస్తు వరండాలో ముక్కుకి తువ్వాలు కట్టుకొని కూర్చున్నాడు. కోడలు నాకు దూరంగా కుర్చీ వేసింది.

"నోటీసు పంపానండీ. చట్టప్రకారం ఏడు రోజుల ముందే. మీరు చూశారు కూడా," అని కాగితం చూపించాను.

"గా ఫోన్ల నా మనుమరాలు చూసింది. నాకెవ్వలు చెప్పిండ్రు?"

"రాతపూర్వకంగా ఇస్తే చాలండీ."

"రాయుండ్రి. వద్దన్ననా? రాసినంక చెప్పుండ్రి గూడ. మా సంగం పెట్టిన కాన్నుంచి మీటింగంటె మనిషి ఇంటికచ్చి, గడపల నిలవడి, పలాన దినం, పలాన ముచ్చట అని నోటితోని చెప్తడు. సావుకైనా గంతే, పెండ్లికైనా గంతే. బీమారొచ్చిందని గట్ల ఇంటికచ్చుడు బందు వెట్టిండ్రు. సరే. ఫోన్ల నోటితోని చెప్పొద్దా?"

నా సహనం అయిపోయింది. "ఇవన్నీ ఎందుకండీ. మీ చెల్లెలిగారి మనవడి కోసమే కదా మీరు రానిది?" అనేశాను.

ఆయన తువ్వాలు కిందికి లాగి నన్ను చూశాడు. "ఎవడు? వరాఛాల ఉండేటోడా? వాడు అప్లికేషన్ వెట్టిండా?" కోడలు వైపు తిరిగాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "వాడు పొద్దున పది దాకా లేవడు. వాడు దవఖానా తెరుస్తడా!" అని ఆయన నవ్వాడు, నవ్వి దగ్గాడు, దగ్గు రాగానే మేం ముగ్గురమూ భయపడి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అప్పటి రోజులు అలాంటివి.

దగ్గు తగ్గాక ఆయన గొంతు మారింది.

"ట్రస్టీ పగార్ తీసుకోవద్దని గా దస్తావేజుల రాయించింది నేనే, బిడ్డా. నాకు చట్టం చెప్పకు. ఆమె పగార్ తీసుకోవాలె, ఆమెకు అక్కెర ఉన్నది. కుర్సీ ఇడ్వక తప్పదు. గదీ ఎరికే. కని ఆమెను గా కుర్సీల కూసోవెట్టనీకి నాకు మూడేండ్లు వట్టింది. ఒక్కొక్కని ఇంటికి వోయి కాళ్లు మొక్కినంత పనైంది. ఆమె దిగేటప్పుడు పదిమందిల నిలవెట్టి, గీమె గిది చేసింది అని చెప్పి, దండం వెట్టి దించాలె. నువ్వేం జేశినవ్? టైపు చేశి ఫోన్ల వెట్టినవ్. సామాన్ పార్సిల్ చేసినట్టు."

నాకు సిగ్గేసింది. ఇప్పటికీ అది తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. తప్పు చేసినందుకు ఒక్కటే కాదు. అంత పెద్ద మనిషిని చిన్నబుద్ధి మనిషిగా ఊహించుకుంటూ వంతెనంతా దాటి వచ్చినందుకు. సంచిలోంచి దస్తావేజు బయటికి తీయలేదు. లేచి, వాళ్ల గడప దగ్గరికెళ్లి నిలబడ్డాను.

"వచ్చే శనివారం పొద్దున పదకొండింటికి సమావేశం. అక్క చేసిన పనికి కృతజ్ఞతలు చెప్పడం, ఆమెని డైరెక్టరుగా తీసుకోవడం, ఈ రెండు విషయాలు. మీరు రావాలి," అన్నాను.

"అస్త. గిప్పుడు చెప్పినవ్ గద," అన్నాడు ఆయన. తర్వాత చాయ్ తాగి పొమ్మన్నాడు. మాస్కు తీయడానికి భయపడి వద్దన్నాను. అది కూడా ఆయనకి నచ్చలేదు.

ఏడు రోజుల నోటీసు ఆ రోజే మళ్లీ పంపాను, మిగతా ముగ్గురికీ ఫోను చేసి నోటితో కూడా చెప్పాను. వరాఛా మనవడు సమావేశానికి ముందురోజే దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. తాత ఏమన్నాడో నాకు తెలియదు. తీసుకోకపోయి ఉంటే బంధువు కాబట్టి పెద్దాయన పక్కకి తప్పుకోవాలి, మళ్లీ నలుగురమే మిగిలేవాళ్లం.

శనివారం ఐదుగురం కూర్చున్నాం. ఉద్యోగానికి నిలబడిన మనిషి చర్చలో ఉండకూడదు కాబట్టి అక్క బయట బెంచీ మీద ఉంది. పెద్దాయన మాత్రం మొదటి విషయానికి ఆమెని లోపలికి పిలిపించాడు. తాళాలు తీసిన రోజు నుంచి ఆమె చేసినదంతా తనకు తెలిసినంత నిలబడి చెప్పాడు. మధ్యలో రెండుసార్లు తప్పు చెబితే ఆమే సరిచేసింది. చివర్లో ఆయన రెండు చేతులూ జోడించాడు. ఆమె గాభరాపడి, "పెద్దబాపూ, గిట్ల చెయ్యకు," అని ఏడ్చింది. తర్వాత ఆమె బయటికెళ్లింది, మేం దరఖాస్తు చదివాం, పని వివరం, జీతం ఎంత సబబో మాట్లాడుకున్నాం, తీర్మానం చేశాం. నియామక పత్రం ఇవ్వడానికి పిలిస్తే నెమ్మదిగా చదువుకొని ఒక్క ప్రశ్న అడిగింది.

"మీటింగులల్ల నేను ఉండచ్చునా?"

"ఉండాలి. నివేదిక నువ్వే ఇవ్వాలి. ఎంతైనా మాట్లాడొచ్చు. ఓటు మాత్రం ఉండదు."

"సరే," అని సంతకం పెట్టింది. గడువుకి మూడు రోజుల ముందు కాగితాలు వెళ్లాయి. ఆ మధ్యాహ్నం రేకుల కింద ఊడుస్తుంటే ఎవరో "డైరెక్టరమ్మ" అని ఏడిపించారు. "డైరెక్టరమ్మకు జర కొత్త చీపురు కొనుండ్రి," అందామె.

తర్వాతి వేసవిలో రెండో అల వచ్చింది. దాని గురించి నేనేమీ రాయలేను, చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. మా డాక్టరు జ్వరంతో పడ్డాడు. ఊరెళ్లిన ఇద్దరు ట్రస్టీలూ అప్పటికి తిరిగొచ్చారు. ఏడుగురం సమావేశమయ్యాం. ఒకటే విషయం: దవఖానా నెలరోజులు మూయాలా, తెరిచి ఉంచాలా.

నేను మూయాలనే వెళ్లాను. మా ఆయన అప్పుడే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాడు. ఆయన మంచం పక్కన కూర్చొని వేలికి పెట్టిన ఆ చిన్న యంత్రంలో ఆక్సిజన్ అంకెలు చూసిన పదకొండు రోజులు నాలో ఇంకా అలాగే ఉన్నాయి. డాక్టరు లేని దవఖానాకి జనాన్ని రప్పించి రోగం అంటిస్తామా అన్నాను. నా మాటలో తర్కం ఉంది. భయం అంతకంటే ఎక్కువుంది.

అక్క తన నివేదికలో, తలుపు మూసి కిటికీ తెరుద్దామంది. కిటికీలోంచే వేలికి ఆ యంత్రం పెట్టి అంకె చెప్పడం, డాక్టరుకి ఫోను కలపడం, మంచం ఎక్కడుందో చెప్పడం. "మనోళ్లకు పెద్ద దవఖానాల గుజరాతీ చిట్టీ సమజ్ గాదు. ఎటు వోవాల్నో చెప్పెటోళ్లు లేక ఇంట్ల పండుకుంటుండ్రు. ఇంట్లనే వోతుండ్రు," అంది. కిటికీ దగ్గర ఉండేది తనే అని విడిగా చెప్పలేదు.

"తెరిచి ఉంచాలనేవాళ్లు చేతులెత్తండి," అన్నాను.

పెద్దాయన ఎత్తాడు. ఊరి నుంచి వచ్చిన ఇద్దరూ ఎత్తారు. నాలుగో చెయ్యి అక్కది.

చెప్పాల్సింది నేనే. "నీకు ఓటు లేదక్కా," అన్నాను.

"ఎరికే మేడమ్. చెయ్యి దాని అంతట అదే లేశింది," అని దించుకుంది. దించుకొని ఒడిలో పెట్టుకొని, ఇంకో చేత్తో దాన్ని పట్టుకుంది.

ముగ్గురు. నాతో కలిపి అవతల నలుగురు. లెక్క రాయడానికి కలం నా చేతిలోనే ఉంది. ట్రస్టీ తన సొంత వివేకంతోనే ఓటు వేయాలి, ఇంకొకరి తరఫున వేయకూడదు అని ఆ గదిలో అందరికీ పాఠం చెప్పింది నేనే. ఆ మగ్గాల ఇళ్లలో ఎవరు ఏ గదిలో దగ్గుతున్నారో తెలిసిన ఒకే ఒక్క మనిషికి ఆ గదిలో ఓటు లేదు. ఉన్న ఓటుని శుభ్రంగా టైపు చేసి తీసేసిందీ నేనే.

కలం కింద పెట్టి చెయ్యెత్తాను.

నా అభిప్రాయం మారలేదు. నాకు అప్పుడూ భయంగానే ఉంది, మూయడమే మంచిదని అప్పుడూ అనుకుంటూనే ఉన్నాను. మినిట్స్ పుస్తకంలో 'నలుగురు అనుకూలం, ముగ్గురు వ్యతిరేకం' అని రాసి సంతకం పెట్టాను. ఆ నలుగురిలో నా పేరు మీద ఉన్న ఓటు అక్కదని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఆమెకి కూడా.